పిడికెడు బియ్యం లెక్క



మా నాయనమ్మ వంటింట్లో పొయ్యికి ఎడమపక్కన ఒక చిన్న మట్టి పిడత ఉండేది. అన్నానికి చేటలో బియ్యం పోసుకుని, రాళ్లు ఏరి, కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి ఆ పిడతలో వేసేది. పొద్దున ఒక పిడికెడు, రాత్రి వంటకు ఒక పిడికెడు. గాదెలో ధాన్యం ఉన్న రోజైనా అంతే, పక్కింటి నుంచి సోలెడు బదులు తెచ్చుకున్న రోజైనా అంతే. బదులు తెచ్చిన బియ్యంలోంచి కూడా తీస్తావేమిటే అని మా తాతయ్య విసుక్కుంటే, "నీ ముద్దలోంచి తియ్యట్లేదులే, నా ముద్దలోంచి తీస్తన్నా" అనేది. ఆ మాట నిజమే. ఇంట్లో అందరికీ పెట్టి ఆఖరున కూర్చునేది ఆవిడ. ఎక్కడ తగ్గినా ఆవిడ కంచంలోనే తగ్గాలి.

ఆదివారం పొద్దున ఆ బియ్యాన్ని గుడ్డసంచిలో పోసుకుని, చెంగు కప్పుకుని గుడికి పట్టుకెళ్లేది. మా గుంటూరు వైపు పల్లెల్లో చర్చిని గుడి అనే అంటాం. గుమ్మం పక్కన ఒక గోనెసంచి నోరు తెరిచి పెట్టి ఉండేది. ఆడవాళ్లంతా తెచ్చింది అందులో వంచేవాళ్లు. సన్నబియ్యం, ముతకబియ్యం, ఒకావిడ కొత్తబియ్యం, ఇంకొకావిడ నూకలు, అన్నీ కలిసిపోయేవి. ఆరాధన అయ్యాక కొలిచేవాళ్లు. కొంత పాస్టరుగారింటికి, మిగతాది వేలానికి. వచ్చిన డబ్బుతో గుడికి సున్నం, దీపానికి కిరసనాయిలు, దిక్కులేనివాళ్లు పోతే పెట్టె.

చాలా ఏళ్ల తర్వాత ఆ కాలపు లెక్కల పుస్తకం ఒకటి నా చేతికొచ్చింది. అట్ట చెదలు తినేసింది గానీ లోపలి రాత బాగుంది. అందులో అయిదు రూపాయలు చందా ఇచ్చిన మగవాళ్ల పేర్లు, ఇంటిపేర్లతో సహా, ఒక్కొక్కటీ ఒక్కో వరుసలో ఉన్నాయి. రూపాయి ఇచ్చినాయన పేరు కూడా ఉంది. బియ్యం సంగతి మాత్రం నెలకొకసారి ఒకే వరుసలో ఉంది. "స్త్రీల ద్వారా, పిడికెడు బియ్యం, ఇన్ని శేర్లు." పుస్తకమంతా వెతికాను. మా నాయనమ్మ పేరు ఎక్కడా లేదు.

క్రైస్తవ సంఘానికి స్త్రీలు చేసిన సేవ గురించి మాట్లాడమని అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ పుస్తకమే. క్రైస్తవేతర శ్రోతల కోసం ఒక మాట. మేం సంఘం అన్నప్పుడు రాజకీయ సంఘమో కార్మిక సంఘమో కాదు, ఒక గుడికి చేరిన విశ్వాసులందరినీ కలిపి అంటాం. ఆ అందరిలో ఆదివారం నాడు ఎక్కువమంది ఎవరని లెక్కపెట్టక్కర్లేదు. గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు చూస్తే చాలు.

పిడికెడు బియ్యం మన తెలుగు పల్లెల్లోనే కాదు, ఎక్కడో కొండల్లో మిజోరాంలోనూ ఉంది. అక్కడ బుహ్‌ఫాయ్ తామ్ అంటారు. 1910లో మొదలైంది. ఇవాళ దానిమీద అక్కడి సంఘానికి ఏటా కోట్ల రూపాయలు వస్తున్నాయి. వాళ్లు దాన్ని పండుగలా చెప్పుకుంటారు. మనం చెప్పుకోం. మన దగ్గర అది వంటింటి సంగతి.

చెప్పుకోకపోవడం అనే ఈ అలవాటు ఎంత పాతదో చూడండి. ఒంగోలు వెళ్లినవాళ్లకు ఊరి పక్కన కొండ తెలుసు. అక్కడి క్రైస్తవులు దాన్ని ప్రార్థన కొండ అంటారు. 1854 జనవరి 1న, ఇంకా తెల్లవారకముందే, అయిదుగురు మనుషులు ఆ కొండెక్కారు. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను అప్పటికి చాలా ఏళ్లుగా పనిచేస్తున్నా చేరినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. దాన్ని మూసేద్దామా అని అమెరికాలో తర్జనభర్జనలు జరుగుతున్న రోజులవి. ఆ అయిదుగురూ పొద్దు పొడిచేదాకా ప్రార్థన చేసి, ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని వేడుకున్నారు. పన్నెండేళ్లకు, 1866లో, జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చి స్థిరపడ్డాడు. ఆ తర్వాత పెద్ద కరువు, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం, ఇదంతా తెలుగు సంఘ చరిత్రలో చిన్నపిల్లలకు కూడా చెప్పే కథ.

చిన్నప్పుడు సండే స్కూల్లో నేనూ ఆ కథ విన్నాను. "జూయెట్ దొరగారు కొండెక్కి ప్రార్థన చేశారు" అని చెప్పారు. నేను కూడా చాలాకాలం అలాగే చెప్పాను. మరి ఆ అయిదుగురూ ఎవరు? నెల్లూరు మిషనరీ లైమన్ జూయెట్ ఒకరు. ఆయన భార్య యుఫీమియా. నర్సు అనే తెలుగు విశ్వాసి. నెల్లూరు జూలియా. రూతు. అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. అందులో ఇద్దరు తెలుగు ఆడవాళ్లు. జనవరి చలిలో, చీకట్లో, రాళ్లదారిన, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని కొండెక్కినవాళ్లు. జూలియా, రూతు, ఇంటిపేర్లు లేకుండా మన దాకా వచ్చిన రెండు పేర్లు. ఏకవచనంలో చెప్పుకుంటున్న ఆ ప్రార్థనలో సగం కంటే ఎక్కువ ఆడవాళ్లది.

ఒంగోలు కథలో ఇంకా ఉంది. క్లౌ దొరకు ముందే క్రీస్తును నమ్మి, తాళ్లకొండపాడు చుట్టుపక్కల మాదిగ పల్లెలన్నీ తిరిగినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల పనితో బతికిన మనిషి. అప్పటి ఉద్యమానికి అసలు మూలపురుషుడు ఆయనే. ఈ పేరయ్య క్రైస్తవంలోకి రాకముందు రాజయోగం సాధన చేశాడు. గురువు ఎవరో తెలుసా? బండికట్ల వీరమ్మ అనే స్త్రీ. ఒక ఆడమనిషి దగ్గర కూర్చుని జ్ఞానం నేర్చుకోవడం ఆ తోళ్ల పనివాడికి చిన్నతనం అనిపించలేదు. తర్వాత కాలంలో పెద్ద చదువులు చదివిన కొంతమంది అయ్యగార్లకు అనిపించింది.

ఈ వీరమ్మ సంగతి, పేరయ్య సంగతి మనకెలా తెలిశాయంటే, అదీ ఒక ఆడమనిషి పుణ్యమే. ఎమ్మా రౌషెన్‌బుష్ అని, స్విట్జర్లాండులోని బెర్న్‌లో డాక్టరేటు చేసినావిడ. స్త్రీల హక్కుల గురించి తొలినాళ్లలో గొంతెత్తిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద ఆవిడ పరిశోధన. ఒంగోలు మిషనులో పనిచేసి, మొదటి భార్య పోయిన క్లౌ దొరను 1894లో పెళ్లాడింది. చెప్పులు కుట్టేవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల కులకథలు, దేవతలు, గురువులు, కరువులు అన్నీ విని, రాసుకుని, 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే పుస్తకం వేసింది. మాదిగల నోటిమాటను వాళ్ల దగ్గరే విని అంత శ్రద్ధగా పుస్తకం చేసినవాళ్లు ఆ రోజుల్లో అరుదు. తర్వాత 1914లో క్లౌ దొర ఆత్మకథ వచ్చింది. పుస్తకం నిండా 'నేను', 'నేను' అని ఆయన గొంతే. కానీ ఆయన 1910లోనే చనిపోయాడు. రాసిందీ, కూర్చిందీ, అచ్చుకిచ్చిందీ ఆవిడ. ముఖపత్రం మీద రచయితగా ఆయన పేరు పెద్దగా ఉంటుంది. దానికింద, ఆయన కోసం ఆయన భార్య రాసిపెట్టినది అన్న అర్థంలో ఒక వరుస. వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద డాక్టరేటు చేసినావిడ ఆ వరుస తనే రాసుకుందంటే, ఎందుకో నాకు నవ్వూ వస్తుంది, మనసూ చివుక్కుమంటుంది.

ఇక బైబిలు స్త్రీల దగ్గరికొస్తాను. ఈ మాట ఇప్పటి పిల్లలకు అంతగా తెలియదు. బైబిల్ ఉమన్ అని కూడా అనేవాళ్లు. దాదాపు వందేళ్లపాటు మన తెలుగు సంఘాల్లో వేరే ఎవరూ చెయ్యలేని పని చేసిన మనుషులు వీళ్లు. పాస్టరుగారు ఊళ్లోకి వస్తే అరుగు దాకా వస్తారు. మగ ఉపదేశి అయినా అంతే. అరుగు దాటి లోపలికి, వంటింట్లోకి, బాలింత గదిలోకి, ఘోషా ఇళ్లలో తెర వెనక్కి వెళ్లగలిగింది ఈమె ఒక్కతే. తెల్లచీర, భుజానికి సంచి, చేతిలో గొడుగు. సంచిలో సువార్త ప్రతులు, పాటల పుస్తకం, ఒక పలక, కొంచెం నూలుదారం, అల్లికసూది. పొద్దున్నే బయల్దేరితే మూడు ఊళ్లు తిరిగి చీకటిపడే వేళకు చేరేది. ఎక్కువమంది వితంతువులు. చిన్నవయసులో మొగుడు పోయి, పుట్టింటా అత్తింటా చోటులేక మిషను బడికి చేరినవాళ్లు. రాజమండ్రిలో ఇలాంటివాళ్లకు తరిఫీదు ఇవ్వడానికి షార్లెట్ స్వెన్సన్ పేర ప్రత్యేకంగా ఒక బైబిలు పాఠశాలే ఉండేది.

వాళ్లు ఏం చేసేవాళ్లు? వాక్యం చెప్పేవాళ్లు, సరే. అంతకుముందు పని ఇంకోటి ఉండేది. ఒకింటికి వెళ్తే, అత్తగారు కోడల్ని కూర్చోనివ్వదు. అప్పుడు ఈమె సంచిలోంచి అల్లికసూది తీసేది. "కోడలికి లేసు నేర్పుతా, నాలుగు డబ్బులొస్తాయి" అనేది. లేసు అంటే అత్తగారికి అభ్యంతరం లేదు. సూది చేతికిచ్చి, మాట నోటితో చెప్పి, మధ్యలో పలకమీద అ ఆ లు దిద్దించేది. ఆరునెలలకు ఆ కోడలు తన పేరు రాసుకోగలిగేది. పుట్టింటికి ఉత్తరం రాసుకోగలిగేది. ఆ ఇంట్లో ఎవరూ బాప్తిస్మం తీసుకోకపోవచ్చు. ఎక్కువ ఇళ్లలో తీసుకోలేదు కూడా. కానీ చదువు లోపలికి వెళ్లింది. మన కోస్తా జిల్లాల్లో బడి మొహం చూడని కొందరు ముసలమ్మలకు కూడబలుక్కుని చదవడం ఎలా వచ్చిందని వెతికితే, చాలాచోట్ల ఆ తెల్లచీర కనిపిస్తుంది.

చదువురాని వాళ్లకు పాటలే పుస్తకం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో వందలకొద్దీ పాటలు, రాగతాళాలతో సహా, అక్షరం తెలియని ఆడవాళ్ల నోట నిలిచాయి. నాట్లేస్తూ పాడేవాళ్లు, కలుపు తీస్తూ పాడేవాళ్లు. పుస్తకంలో లేని మెలికలు వేసి పాడేవాళ్లు. హార్మోనియం వాయించే మాస్టారు "అలా కాదమ్మా" అంటే, "మా అమ్మ ఇట్టాగే పాడింది" అని ఒకే జవాబు. మాస్టారే సర్దుకునేవాడు.

లేసు అన్నాను కదా, ఆ సంగతి కూడా చెప్పి ముందుకెళ్తాను. నరసాపురం లేసు ఇవాళ దేశదేశాలు వెళ్తోంది. పందొమ్మిదో శతాబ్దంలో గోదావరి ప్రాంతంలో మిషనరీ స్త్రీలు పేద క్రైస్తవ ఆడపిల్లలకు ఆ పని నేర్పారు. కరువు రోజుల్లో ఆ దారమే కొన్ని కుటుంబాలకు కూడు పెట్టింది. తర్వాత అది పెద్ద వ్యాపారమైంది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం వచ్చి, ఆ లేసు పనివాళ్లతో మాట్లాడి 1982లో ఒక పుస్తకం వేసింది. ఆవిడ తేల్చిందేమిటంటే, రోజూ గంటల తరబడి కళ్లు కాయలు కాసేలా అల్లుతున్న ఈ ఆడవాళ్లను లెక్కల్లో ఎవరూ కార్మికులుగా రాయరు. ఇంట్లో ఖాళీగా కూర్చుని కాలక్షేపానికి అల్లుతున్న గృహిణులు అంటారు. ఎగుమతిదారు అని బోర్డు మీద ఉండే పేరు మగవాడిది. మా ఊరి లెక్కల పుస్తకానికీ దీనికీ తేడా ఏముంది చెప్పండి.

గుంటూరు వాళ్లకు నేను కొత్తగా చెప్పక్కర్లేని పేరు కుగ్లర్. మా నాన్న పుట్టింది కుగ్లరాసుపత్రిలో. "అప్పుడు దొరసాని ఇంకా ఉందా" అని చిన్నప్పుడు అడిగితే నాయనమ్మ "లేదురా, అప్పటికే పోయింది, కానీ మంచాలన్నీ ఆవిడ వేయించినయ్యే" అంది. ఆనా సారా కుగ్లర్ 1856లో పెన్సిల్వేనియాలో పుట్టింది. ఆడవాళ్ల కోసం పెట్టిన ఫిలడెల్ఫియా వైద్య కళాశాలలో 1879లో డాక్టరు పట్టా పుచ్చుకుంది. 1883లో, ఇరవై ఏడేళ్ల వయసులో, గుంటూరు వచ్చింది. అయితే ఆమెను పంపిన లూథరన్ బోర్డువాళ్లు డాక్టరుగా పంపలేదు. వైద్యం చేసే మిషను మనకు ఇప్పుడే వద్దు, బడులూ ఘోషా ఇళ్లూ చూసుకో అన్నారు. సరేనంది. పెట్టెలో మందులు మాత్రం సర్దుకుని వచ్చింది.

వచ్చాక ఏం జరగాలో అదే జరిగింది. పురుడు అడ్డం తిరిగిన ఇంటివాళ్లు తలుపు కొట్టారు. మంత్రసాని చేతులెత్తేసిన చోటికి పిలిచారు. మగ డాక్టరు ముట్టుకోకూడదని చచ్చిపోతున్న ఆడవాళ్లకు ఆవిడ చెయ్యి దొరికింది. రెండేళ్లయ్యేసరికి బోర్డువాళ్లే ఆవిణ్ని డాక్టరుగా ఒప్పుకోక తప్పలేదు. మొదట చిన్న డిస్పెన్సరీ, చందాలు కూడబెట్టి 1898లో ఆసుపత్రి. రోగితోపాటు అత్తగారు, తల్లి, చంటిపిల్లలు, ఎవరి వంట వాళ్లది, ఎవరి మడి వాళ్లది. ఈ బాధ చూసి, తన ఇంటివాళ్లకు ఇక్కడ వైద్యం జరిగిన ఏలూరు రాజావారు రోగుల బంధువులు దిగడానికి సత్రం కట్టించారు. 1930 జూలైలో ఆవిడ గుంటూరులోనే కన్నుమూసింది.

సరిగ్గా ఆ ఆఖరి పదేళ్లలో అదే గుంటూరులో ఇంకో ఆడ డాక్టరు ఉంది. 1920 ఫిబ్రవరిలో వచ్చింది. పేరు మేరీ గ్లౌరీ. ఆస్ట్రేలియాలో పుట్టి, మెల్‌బోర్న్‌లో కంటివైద్యం చేస్తూ మంచి పేరు సంపాదించుకున్నావిడ. భారతదేశంలో వైద్యం లేక ఆడవాళ్లూ పిల్లలూ ఎలా చనిపోతున్నారో 1915లో ఒక చిన్న కరపత్రంలో చదివి, ఉన్నదంతా వదిలి వచ్చి గుంటూరులో జె.ఎం.జె. మఠంలో చేరింది. చిక్కేమిటంటే, కన్యస్త్రీలు వైద్యం, అందులోనూ పురుళ్లు చెయ్యకూడదని అప్పటి కతోలిక నియమం. ఆవిడ కోసం పోపు పదిహేనో బెనెడిక్టు ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాల్సివచ్చింది. ఆ నిషేధం అందరికీ తొలగింది 1936లో. అంటే పదహారేళ్లు ముందుగా గుంటూరులో ఒక సిస్టరు ఆ పని చేసేసింది. సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రి అలా పెరిగింది. 1943లో ఆవిడ మొదలుపెట్టిన కతోలిక ఆసుపత్రుల సంఘం ఇప్పుడు సికింద్రాబాదు నుంచి దేశమంతటా పనిచేస్తోంది. 1957లో బెంగళూరులో క్యాన్సరుతో పోయింది.

ఒకావిడ లూథరన్, ఒకావిడ కతోలిక. ఆ రోజుల్లో ఈ రెండు గుళ్లవాళ్లు ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లడమే గగనం. కానీ నొప్పులొచ్చిన ఆడమనిషిని బండిలో వేసుకొచ్చినవాళ్లు ఏ ఆసుపత్రి దగ్గరైతే అక్కడే ఆపారు.

ఈ ఇద్దరి గురించీ పుస్తకాలున్నాయి, బొమ్మలున్నాయి. కతోలిక సంఘం మేరీ గ్లౌరీకి పునీత పదవి ఇచ్చే దారిలో ఉంది. సంతోషమే. కానీ ఆ ఆసుపత్రుల్లో రాత్రిళ్లు బెడ్‌పాన్లు ఎత్తినవాళ్లు, కుట్లు కడిగినవాళ్లు, పసిగుడ్డును బట్టలో చుట్టి బామ్మ చేతికిచ్చినవాళ్లు తెలుగు పిల్లలు. ఎక్కువమంది మాల మాదిగ పల్లెల క్రైస్తవ ఆడపిల్లలు. నర్సు ఉద్యోగమంటే ఆ రోజుల్లో నెత్తురు ముట్టుకునే పని, పరాయి మగాణ్ని ముట్టుకునే పని. పెద్దకులాల ఇళ్లలో దాన్ని పనే అనుకోలేదు. ఈ పిల్లలు వెళ్లారు. తెల్ల టోపీ పెట్టుకున్నారు. ఊళ్లో ఎవరి ఇంటి గడప తొక్కనివ్వలేదో, ఆ ఇంటి బిడ్డ పుట్టగానే మొదట ఎత్తుకున్నది ఆ చేతులే. దీన్ని మించిన ఎదురుదెబ్బ కులానికి ఎవరు కొట్టారో నాకు తెలియదు. అది కూడా అరవకుండా, ఉడుకునీళ్లు కాచుకుంటూ కొట్టారు.

ఇదంతా మన దగ్గర కొత్తగా మొదలైందా అంటే, కాదు. బైబిల్లో పౌలు రోమాకు రాసిన పత్రిక చివరి అధ్యాయం తీసి చూడండి. ఎవరెవరికి వందనాలు చెప్పమన్నాడో వరుసగా ఉంటుంది. సాధారణంగా ఆ అధ్యాయాన్ని ప్రసంగాలకు తీసుకోరు, అన్నీ పేర్లే కదా అని. ఆ పేర్లలోనే ఉంది సంగతంతా. ఫీబే, కెంక్రేయ సంఘపు పరిచారకురాలు. ప్రిస్కిల్ల, పౌలుతోపాటు డేరాలు కుట్టినావిడ, భర్త పేరు కంటే ముందు ఆమె పేరే వేశాడు. త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు. యూనీయ అని ఇంకొకామె ఉంది, అపొస్తలులలో పేరుపొందినవాళ్లలో ఆమెను చేర్చి చెప్పాడు. ఈ యూనీయ గతి ఏమైందో తెలుసా? ఆడమనిషి అపొస్తలుడు ఎలా అవుతుందని తర్వాతి కాలపు పండితులు ఆ పేరును మగపేరుగా మార్చి చదివారు. ఇరవయ్యో శతాబ్దంలో కూడా కొన్ని అనువాదాల్లో ఆమె మగవాడుగానే అచ్చయింది. పౌలు ఆ పేర్లు రాయించినప్పుడు లెక్కలో ఉంది. పుస్తకం చేతులు మారేకొద్దీ లెక్క తప్పింది.

మళ్లీ మన దగ్గరికొస్తే, దోర్నకల్లు సంగతి రెండు మాటల్లో. వేదనాయగం అజరయ్య 1912లో అక్కడ బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయన. భార్య అన్బు మరియమ్మాళ్ తిరునల్వేలి తమిళావిడ, ఆ రోజుల్లోనే కాలేజీ మెట్లెక్కిన మనిషి. తెలుగు నేర్చుకుని, ఎడ్లబండిలో పల్లెలు తిరిగి ఆడవాళ్లకు పాఠాలు చెప్పింది. దోర్నకల్లులో తరిఫీదుకు వచ్చే ఉపదేశి ఒక్కడే రాకూడదు, పెళ్లాం బిడ్డలతో రావాలి. ఉపదేశికి తరగతులున్నట్టే అతని భార్యకూ ఉండేవి. మంచి ఏర్పాటే. కాకపోతే జీతం ఒక్కటే వచ్చేది. పాస్టరుగారి భార్య అంటే ఒక జీతానికి ఇద్దరు పనివాళ్లు అన్న లెక్క మన సంఘాల్లో ఇప్పటికీ పోలేదు. అమ్మగారికి పాట రావాలి, సండే స్కూలు నడపాలి, చావింటికి వెళ్లాలి, వచ్చినవాళ్లకు కాఫీ ఇవ్వాలి. చేయకపోతే ఫిర్యాదు వెళ్తుంది. ఉద్యోగం మాత్రం కాదు.

గురుత్వం దగ్గరికొచ్చేసరికి తలుపు ఇంకా నెమ్మదిగా తెరుచుకుంది. దక్షిణ ఇండియా సంఘం, మనం సి.ఎస్.ఐ. అంటాం, 1947లో ఏర్పడితే, 1976లో ఎలిజబెత్ పాల్ గారికి తొలిసారి ఒక స్త్రీకి గురుపట్టం ఇచ్చారు. తొలి మహిళా బిషప్పు కోసం ఇంకో ముప్పై ఏడేళ్లు ఆగాల్సివచ్చింది. 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత గారు నంద్యాల బిషప్పు అయ్యారు. ఇందులో నాకు నచ్చిన విడ్డూరం ఒకటుంది. 1947లో అందరూ సి.ఎస్.ఐ.లో కలిసినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలామంది మేం కలవం, మా పాత పద్ధతే మాకు కావాలి అని పట్టుబట్టి చాలా ఏళ్లు బయటే ఉండిపోయారు. పాత పద్ధతికి పేరుపడ్డ ఆ నంద్యాలకే, మిగతా డయాసిస్‌లన్నిటి కంటే ముందు, చేతికర్ర పట్టుకున్న బిషప్పమ్మగారు వచ్చారు.

ఇప్పుడు మన ఊళ్లలో ఎలా ఉంది? మే నెలలో ఒక ఆదివారం మదర్స్ డే అని తల్లులందరినీ లేచి నిలబడమంటారు. తలా ఒక గులాబీ ఇస్తారు. ఒక పాట పాడతారు. ఆ రోజు కూడా మధ్యాహ్నం ప్రేమవిందుకు వండింది ఆ నిలబడ్డవాళ్లే. కొందరు అయ్యగార్లు ఆ రోజు ప్రసంగం చేయమని ఒక స్త్రీని పిలుస్తారు. పది నిమిషాలు ఇస్తారు. ఇవన్నీ వద్దని నేను అనను, గులాబీ ఎవరికి చేదు? కానీ పాస్టరేటు కమిటీ జాబితా చూస్తే నాకు మా ఊరి లెక్కల పుస్తకమే కనిపిస్తుంది. అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి, అందరూ మగవాళ్లు. చివర "స్త్రీల ప్రతినిధి" అని ఒకరు. ఆవిడ మీటింగులో టీ కప్పులు అందిస్తూ మాట్లాడాలి. నేను ఎగతాళి చేయడం లేదు. నేను చూసిన మీటింగే చెబుతున్నాను.

పోయిన సంక్రాంతి తర్వాత మా ఊరి గుడిలో కోతల పండుగకు వెళ్లాను. ఈసారి కోశాధికారి ఒక ఆడమనిషి. మా బడిలో నా తర్వాత టీచరుగా చేరిన పిల్ల, నన్ను అక్కా అని పిలుస్తుంది. పోటీలో ఎవరూ నిలబడలేదు, లెక్కల్లో ఏదో గొడవ జరిగి మగవాళ్లు ఒకరిమీద ఒకరు తోసుకుంటే ఈమెకు అంటగట్టారు. పండుగ చివర లెక్కలు చదవడానికి లేచింది. మగవాళ్ల చందాలు చదివింది. తర్వాత "పిడికెడు బియ్యం" అని ఆగింది. ఇన్ని కేజీలు అని ఒక్క ముక్కలో చెప్పి కూర్చుంటుందని అందరం అనుకున్నాం. ఆమె చేతిలో ఇంకో పుస్తకం తీసింది. చిన్నది, పిల్లలు బడికి తీసుకెళ్లే నోటుపుస్తకం. ఏడాదిపాటు ప్రతి ఆదివారం గోనెసంచి పక్కన నిలబడి ఎవరు ఎంత వంచారో రాసుకుందట.

చదవడం మొదలుపెట్టింది. ఇంటిపేరు, పేరు, ఎన్ని డబ్బాలు. నూట ఎనభైమంది ఆడవాళ్లు. మొదట కొంచెం గుసగుసలు. తర్వాత ఎవరి పేరు వచ్చినప్పుడు వాళ్ల వైపు తలలు తిరగడం. ఒక ముసలావిడ తన పేరు వినగానే ఉలిక్కిపడి "నేనేం చేశానమ్మా" అంది, అందరూ నవ్వారు. వెనక షామియానా కింద భోజనాలు సిద్ధం. అరగంట దాటింది. అయ్యగారు గడియారం చూసుకున్నారు. మగవాళ్ల వరుసలో ఒకాయన పక్కవాడితో, కూర చల్లారిపోతోంది, ఇదంతా చదవాలా అని గొణిగాడు. ఆ మాట ముందు వరుస దాకా వినబడింది. ఆ పిల్ల తల ఎత్తలేదు. కళ్లజోడు సర్దుకుని, పేజీ తిప్పి, తర్వాతి పేరు చదివింది.